అద్దం అవతలి నాయనమ్మ

తను చనిపోయినట్టు రొట్టెలక్కకి ఒక మంగళవారం సాయంత్రం తెలిసింది. అప్పుడామె పెనం మీద గుడ్డు కొడుతోంది.

ఆ కబురు మోసుకొచ్చింది స్వయానా చెల్లెలి కూతురు. ఆ పిల్ల రోడ్డుకి అటువైపున్న పెద్ద రెస్టారెంటులో వడ్డన పని చేస్తుంది. డ్యూటీ ఎక్కే ముందు పెద్దమ్మ బండి దగ్గరకొచ్చి ఓ రొట్టె తినిపోవడం అలవాటు. వడ్డించేవాళ్ళు ఆకలి మొహాలతో కనబడకూడదని అక్కడో రూలు. ఆ రోజు మాత్రం రొట్టె చేతికిచ్చినా తినకుండా, చుట్టిన కాగితాన్ని విప్పుతూ మడుస్తూ నిలబడింది.

"ఏమే, ఉప్పెక్కువైందా?"

"కాదు పెద్దమ్మా. నీకో సంగతి చెప్పాలి. తిట్టనంటే చెబుతా."

"తిట్టాల్సిన సంగతైతే తిడతాను. ముందు చెప్పు."

పిల్ల గొంతు సవరించుకుంది. అటువైపు బల్లల దగ్గర వాడే గొంతు వేరు. మెత్తగా, ఆచితూచి, ప్రతి మాటకీ కాస్త చోటిస్తూ మాట్లాడాలి. ఆ గొంతుతోనే మొదలుపెట్టింది.

"'ఇది మా షెఫ్ గారి నాయనమ్మ చేసిన రొట్టె. ఆవిడ వీధిలో బండి పెట్టుకుని బతికింది. గుడ్డు ఎడమచేత్తో కొట్టేది. అట్లకాడ పిడి విరిగిపోతే గుడ్డపేలిక చుట్టి దాన్నే వాడుకుంది. రొట్టె మడిచే ముందు అంచు మీద వేలు పెట్టి చూసి, చుర్రుమన్న ఆ వేలిని చెవికి అంటించుకునేది.'"

రొట్టెలక్క ఎడమచేతి వేలు అప్పటికే చెవి తమ్మె మీద ఉంది. దాన్ని మెల్లగా దించింది.

"'ఇప్పుడావిడ లేదు. ఆవిడ చేతి రుచి మాత్రం ఈ పళ్ళెంలో ఉంది' అంటాం. అప్పుడు గాజు మూత తీస్తాం. లోపల పట్టి ఉంచిన పొగ పైకి లేస్తుంది. రొట్టె బొత్తామంత ఉంటుంది. దాని మీద పిట్ట గుడ్డు. కొంతమందికి కళ్ళనీళ్ళొస్తాయి."

"పొగకా?"

"నాయనమ్మకి."

రొట్టెలక్క నవ్వాపుకోలేకపోయింది. బస్టాపు స్తంభానికి ఆనుకుని తింటున్న బస్సు డ్రైవరు, ఏమిటో తెలియకపోయినా తనూ నవ్వాడు.

"ఇంతకీ నేనే రోగంతో పోయానే?"

"రోగం చెప్పం పెద్దమ్మా. తినబోయేవాళ్ళ ముందు బాగుండదు." పిల్ల కళ్ళు దించుకుంది. "అందరికంటే నేనే బాగా చెబుతానని షెఫ్ మెచ్చుకుంటాడు. ఈ నెలే మొదలెట్టారు. మొదటిరోజే నీకు చెబుదామనుకున్నా, నోరు రాలేదు."

"ఆ రొట్టె చల్లారకముందే తిను. ఆకలి మొహంతో నా చావు చెబితే ఎవరు నమ్ముతారు?" అంది రొట్టెలక్క.

పిల్ల గబగబా తినేసి రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే నవ్వు ఇంకిపోయింది. ఆ షెఫ్ ఎవరో తెలియనివాడైతే సరే అనుకునేది. మధ్యాహ్నం పూట, వంట మొదలయ్యే ముందు, తెల్లకోటు విప్పేసి మామూలు చొక్కాతో వచ్చి, "అక్కా, ఒకటి వెయ్యి" అని నిలబడి తినే మనిషి. ఆమె చేతులు చూస్తూ తినేవాడు. పెద్ద పేరున్న వంటవాడు తన చేతివాటం చూస్తున్నాడని లోలోపల మురిసిపోయేది కూడా. రోజూ అక్కా అక్కా అంటూ తిని, రోడ్డు దాటగానే నాయనమ్మని చేసి పాడెక్కించాడు. ఆమె కడుపు మండిపోయింది. రొట్టె చేసుకోనీ, ఎవడొద్దన్నాడు? గోధుమపిండీ గుడ్డూ ఉల్లిపాయా ఎవడబ్బ సొత్తూ కాదు. బతికున్న మనిషిని లేదనడమేమిటి?

*

ఆమె భర్తకి మోకాళ్ళ నొప్పి. బండి దగ్గర నిలబడలేడు కాబట్టి ఇంట్లో పిండి కలపడం ఆయన పని. పొద్దున్నే వంటింటి గట్టు పక్కన ఎత్తుపీట వేసుకుని, పెద్ద బేసిన్లో పిండి పోసి, గోరువెచ్చటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ, మణికట్టుతో తొక్కుతాడు. ఆయన కలిపిన ముద్ద మీద వేలితో నొక్కితే ఆ గుంట నెమ్మదిగా పైకి లేవాలి. లేవకపోతే మళ్ళీ మొదలు.

బుధవారం పొద్దున ఉల్లిపాయలు తరుగుతూ ఆమె సంగతంతా చెప్పింది. ఆయన పిండి తొక్కడం ఆపకుండా విన్నాడు.

"అయితే నేనిప్పుడు రెండో పెళ్ళి చేసుకోవచ్చన్నమాట."

"ముందు ఆ పీట మీంచి ఎవరూ పట్టుకోకుండా లేచి చూపించు. తర్వాత చూద్దాం పెళ్ళి."

ఆయన నవ్వి, ఆమె మొహం చూసి ఆపాడు. ఉల్లిపాయ ముక్కలు ఎప్పటికంటే లావుగా పడుతున్నాయి.

"ఇంతకీ ఏం కావాలంటావు? గొడవ పెట్టుకుంటావా? పిల్ల ఉద్యోగం ఉందక్కడ."

"గొడవెందుకు? ఉన్నానని చెప్పమంటాను. ఇదిగో ఫలానా మనిషి, రోడ్డుకి అటుపక్కనే ఉంది, బతికే ఉంది అని. అంతే."

"చెప్పకపోతే?"

"చెప్పిస్తాను."

ఆమె చెప్పిస్తానంటే చెప్పిస్తుందని ఆయనకి తెలుసు. ఆ బస్టాపు పక్కన బండికి చోటు కూడా అలాగే సంపాదించింది, రోజుకో అధికారిని మాటలతో అలసగొట్టి. పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పి, "పిల్ల పేరు రానీకు మరి" అన్నాడు.

*

షెఫ్ మామూలు వేళకే వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, మోచేతుల దాకా కాలిన మచ్చలు. వాటిని చూస్తే ఆమెకి మనసులో గౌరవం. పేరొచ్చాక కుర్చీలో కూర్చున్నవాడు కాదు, ఇంకా మంట దగ్గరే ఉన్నాడు.

ఆమె పెనం మీద నూనె రాసి, గుడ్డు కొట్టి, అది గడ్డకట్టేలోపు దాని మీద పచ్చి రొట్టె పరిచింది. అంచులు ఉబ్బుతుంటే అట్లకాడతో నొక్కుతూ ఎంతో ప్రేమగా అడిగింది.

"బాబూ, మీ నాయనమ్మ గారిది ఏ ఊరు?"

అతను తలెత్తాడు. ఆమె రొట్టె తిరగేసింది. ఎర్రటి చుక్కలు పడిన వైపు పైకొచ్చింది.

"ఆవిడ కూడా గుడ్డు ఎడమచేత్తోనే కొట్టేదట కదా. నాకు మల్లేనే. అట్లకాడకి పేలిక కూడా చుట్టిందట. ఇదిగో, ఇలాంటిదేనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. రొట్టె చేతికిస్తే తీసుకున్నాడు కానీ కొరకలేదు.

"అక్కా... నాకసలు నాయనమ్మ తెలియదు. హాస్టళ్ళలో పెరిగాను." అని ఆగాడు. "మా దగ్గరకొచ్చేవాళ్ళకి వంటకం ఒక్కటే చాలదక్కా. దాని వెనక ఓ మనిషి కావాలి. నాకు మనిషంటే నువ్వే కనబడ్డావు."

"కనబడితే చంపేస్తారా?"

"చనిపోయినవాళ్ళ గురించైతే ఎవరూ ఎదురు ప్రశ్నలు వెయ్యరు."

ఆ నిజాయితీకి ఆమెకి నవ్వొచ్చింది గానీ బయటపడలేదు. అతను మాత్రం నొచ్చుకున్నాడు, నటన కాదు. ఆమె ఫొటో గోడ మీద పెట్టిస్తానన్నాడు. గోడమీద ఫొటో పెడితే పోయినట్టే అనుకుంటారు, వద్దంది. భార్యాభర్తలిద్దరినీ ఓ రోజు భోజనానికి పిలుస్తానన్నాడు. ఆయనకి గట్టిగా తినే అలవాటు, బొత్తాలు చాలవంది.

"మరేం చెయ్యమంటావు?"

రొట్టెలక్క అట్లకాడతో రోడ్డు అవతలికి చూపించింది. రెస్టారెంటు ముందు గోడంతా అద్దమే. లోపల పైనుంచి కింది వరకూ బూడిదరంగు తెర. తినేవాళ్ళకి రోడ్డూ బస్సులూ కనబడకుండా పొద్దుగూకులూ అది మూసే ఉంటుంది.

"నా రొట్టె పెట్టేటప్పుడు ఆ తెర తీయించండి. ఆవిడ అదిగో అని చూపించి చెప్పమనండి. చూసుకుంటారు. బతికున్నానో లేదో వాళ్ళకే తెలుస్తుంది."

అతను రొట్టె కొరికి, నములుతూ తన అద్దాల వైపే చూశాడు. నమలడం ఆగింది. కళ్ళు జిగేల్మన్నాయి.

"అక్కా, ఇది నాకెందుకు తట్టలేదు!" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. గెలిచింది కదా, ఎందుకొప్పుకున్నాడని ఎవరు ఆలోచిస్తారు?

*

గురువారం ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుంది. పెనం అంచుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న మసి గీకింది. భర్త కూడా ఆటో ఎక్కి వచ్చి బస్టాపు బెంచీ మీద పెళ్ళికొచ్చినవాడిలా కూర్చున్నాడు.

ఇంకా వెలుగు పూర్తిగా పోలేదు. ఉన్నట్టుండి రోడ్డు అవతల బూడిదరంగు తెర రెండుగా చీలి పక్కలకి జరిగింది. పసుపుపచ్చ వెలుతురు. తెల్లటి బల్లలు, వాటి చుట్టూ మొహాలు. మధ్యలో ఆ పిల్ల, నల్ల దుస్తుల్లో నిటారుగా నిలబడి, చెయ్యి చాచి సూటిగా తన వైపు చూపిస్తోంది. మొహాలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

రొట్టెలక్క ఒళ్ళు పులకరించింది. ఏం చెయ్యాలో తోచక అట్లకాడ పైకెత్తి ఊపింది. అద్దం వెనక ఒక బట్టతలాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. చప్పుడు వినబడలేదు. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. ఏం చెబుతోందో వినబడకపోయినా ఆమెకి తెలుసు. ఉంది, అదిగో, అక్కడే ఉంది.

"సినిమా తారవయ్యావే," అన్నాడు భర్త బెంచీ మీంచి.

ఆ సాయంత్రం తెర చాలాసార్లు జరిగింది. జరిగినప్పుడల్లా రొట్టెని కాస్త ఎత్తు ఎక్కువ ఎగరేసి తిరగేసింది. ఇంటికెళ్ళాక కూడా చాలాసేపు ఆమెకి నిద్రపట్టలేదు, సంతోషంతోనే.

*

శుక్రవారం బస్సు డ్రైవరు తల దువ్వుకుని వచ్చాడు. తెర జరగగానే ఛాతీ విరిచి, రొట్టెని రెండు వేళ్ళతో పట్టుకుని సుతారంగా కొరికాడు. అందరూ నవ్వారు. రెండోసారి జరిగినప్పుడు అతను పక్కకి తిరిగాడు. మూడోసారికి స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏంటన్నా, దాక్కుంటున్నావు?"

"ఏం లేదక్కా. పొద్దుట్నుంచీ స్టీరింగు పట్టుకుని వచ్చాను. కుక్కుకుని తిందామని ఉంది. ఆళ్ళు చూస్తా ఉంటే ముద్ద దిగట్లేదు."

వెనక సందులో ఆసుపత్రి ఉంది. డ్యూటీ దిగిన నర్సులు గుంపుగా వచ్చి, ఎప్పుడూ బండి చుట్టూ నిలబడి, పై డాక్టర్లని తిడుతూ తినేవాళ్ళు. ఆ రోజు కట్టివ్వమని తీసుకుపోయారు. ఆమె అదేమంత పట్టించుకోలేదు. చెయ్యి పెనం మీదున్నా చూపు అద్దం మీదే ఉంది. ఒక రొట్టె మాడింది కూడా. ఇన్నేళ్ళలో రొట్టె మాడ్చడం ఆమెకే వింతగా అనిపించింది.

ఆ తర్వాత వచ్చింది ఆ అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుండొచ్చు. కొన్నాళ్ళుగా సాయంత్రాలు వస్తోంది. ఆసుపత్రిలో ఎవరున్నారో ఆమె చెప్పలేదు, రొట్టెలక్క అడగలేదు. వచ్చి, ఒకటి అని వేలు చూపించి, బండికి దగ్గరగా నిలబడి తింటుంది. తింటూ ఏడుస్తుంది. చప్పుడు చెయ్యదు, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటాయి, నోరు నములుతూనే ఉంటుంది. అయిపోయాక బిందె దగ్గర మొహం కడుక్కుని, జుట్టు సవరించుకుని, నవ్వు మొహం ఒకటి తెచ్చిపెట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కిపోతుంది. పైనున్న మనిషికి ఆ మొహమే కనబడాలి కాబోలు. ఆ ఏడుపుకి చోటు ఈ బండి ఒక్కటే. రొట్టె చేతిలో పెట్టాక రొట్టెలక్క చూపు పెనం మీదకి తిప్పేసుకుంటుంది. ఎవరు తింటున్నా అంతే. తినేవాళ్ళ నోట్లోకి చూడకూడదని ఎవరూ నేర్పలేదు, చెయ్యి పెనం మీద ఉంటే చూపు కూడా అక్కడే ఉండేది.

ఆ అమ్మాయి సగం తినేసరికి తెర జరిగింది.

పసుపుపచ్చ వెలుతురు రోడ్డు దాటి సరిగ్గా ఆ మొహం మీద పడింది. అద్దం వెనక మొహాలు తిరిగాయి. ఒకావిడ ఫోను ఎత్తి పట్టుకుంది. ఆమె పక్కనున్నతను ఆ అమ్మాయిని ఇంకొంచెం పక్కకి జరగమని సైగ చేశాడు, ఫొటోలో బాగా పడాలని. ఆ అమ్మాయి నోటినిండా రొట్టెతో కదలకుండా నిలబడిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. అరచేత్తో మొహం కప్పుకుంది. తర్వాత మిగిలిన రొట్టెని ఎంతో మర్యాదగా, కాగితం మడిచి, బండి అంచు మీద పెట్టి వెళ్ళిపోయింది. మొహం కడుక్కోలేదు. ఆ తడిమొహంతోనే మెట్లెక్కింది.

రొట్టెలక్క చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. అద్దం అవతల వాళ్ళు ఇంకా తన వైపే చూస్తున్నారు, ఊపుతుందేమోనని.

తప్పు వాళ్ళది కాదని ఆమెకి వెంటనే తెలిసింది. అక్కడ కూర్చున్నవాళ్ళు చూడమంటే చూశారు. చూడమన్నది తను. బతికున్నానని చూపించుకోవాలన్న ఆత్రంలో, తన ముందు నిలబడి తినేవాళ్ళందరినీ తనతోపాటు ఆ అద్దంలో నిలబెట్టింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా తన మీద తనకే ఒళ్ళు మండింది.

*

శనివారం బండి తెరవకముందే రోడ్డు దాటి, వెనకవైపు వంటింటి గుమ్మం వదిలేసి, ముందు తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. వడ్డించేవాళ్ళు బల్లల మీద చెంచాలు సర్దుతున్నారు. ఆ పిల్ల ఒక గ్లాసుని వెలుతురుకి పెట్టి మరకలు చూస్తోంది. పెద్దమ్మని చూసి గ్లాసు గుండెకి హత్తుకుంది.

రొట్టెలక్క ఎవరినీ అడక్కుండా అద్దం పక్క బల్ల దగ్గర కూర్చుంది. కుర్చీ మెత్తగా ఉంది. తెర పక్కకి జరిపి ఉంది. రోడ్డు ఇంత దగ్గరగా కనబడుతుందని ఆమె అనుకోలేదు. బస్టాపులో ఒకాయన అరటిపండు తొక్క ఒలుస్తున్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని చంక గోక్కున్నాడు. పండు పెద్దగా కొరికి, బుగ్గ ఉబ్బించి, కళ్ళు మూసుకున్నాడు. అతనెంత ఆకలి మీద ఉన్నాడో కూడా ఇక్కణ్ణుంచి చెప్పొచ్చు. ఆమె తల తిప్పుకుంది.

షెఫ్ తెల్లకోటులో, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమెని చూసి మొహం విప్పారింది.

"అక్కా! అందరూ నీ మాటే. ఇవాళ పత్రికల వాళ్ళొస్తున్నారు. తెర తీసే ఘట్టం గురించే రాస్తారట."

"ఆ తెర మూసెయ్యండి బాబూ."

అతనికి అర్థం కాలేదు. ఆమె ఆ అమ్మాయి సంగతి చెప్పింది. డ్రైవరు సంగతి చెప్పింది. పెద్దగా వివరించలేదు. అతను వినే మనిషే, విన్నాడు. బల్ల మీద చెంచాని వేలితో అటూ ఇటూ జరిపాడు. బండి ఒక వైపు తిప్పుకుంటే సరిపోదా అన్నాడు. తినేవాళ్ళు చుట్టూ నిలబడతారు, చుట్టూ ఎలా తిప్పుతానంది.

"సరే, మూయిస్తాను. కానీ ఆవిడ బతికే ఉందని చెబితే ఊరుకోరక్కా. ఎక్కడుంది అంటారు. ఎదురుగానే అంటే లేచి చూస్తారు. వెళ్ళేటప్పుడు నీ దగ్గరికే వచ్చి చుట్టూ నిలబడి ఫొటోలు తీస్తారు. అప్పుడు నేనేం చెయ్యను?"

అతను చెప్పింది నిజమే. ఆ రెండు రోజుల్లో వాళ్ళ మొహాలు ఆమె బాగా చూసింది. ఉన్న మనిషిని చూడకుండా వెళ్ళే మొహాలు కావవి.

రొట్టెలక్క లేచి కుర్చీని ఎలా ఉన్నదాన్ని అలా లోపలికి జరిపింది.

"అయితే పోయిందనే చెప్పండి."

"పెద్దమ్మా!" అంది ఆ పిల్ల. ఉద్యోగం, షెఫ్, రూళ్ళు అన్నీ మరిచిపోయి దగ్గరికొచ్చేసింది. "నేను చెప్పను. రెండు రోజులు నిన్ను చూపించి చెప్పాక, ఇప్పుడెలా చెప్పమంటావు? నోరెలా వస్తుంది నాకు?"

"ఎందుకు రాదు? నువ్వేగా అందరికంటే బాగా చెబుతావట. ఎక్కడో దూరాన ఉండేదని చెప్పు. వయసైపోయి, ఏ బాధా లేకుండా, నిద్రలో పోయిందని చెప్పు. రోగం నాకొద్దు." పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఎడమచెయ్యి సంగతీ, చెవి సంగతీ మాత్రం వదలకు. అవి నావి."

షెఫ్ ఆమెతో పాటు తలుపు దాకా వచ్చాడు. తనే తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "మధ్యాహ్నం వస్తే పొట్ట ఖాళీగా రండి," అంది ఆమె. "మీ వంటతో ఎలా బతుకుతున్నారో నాకర్థం కాదు."

*

ఆ సాయంత్రం రోడ్డు అవతల తెర మూసే ఉంది. అద్దంలో బస్సుల నీడలు తప్ప ఏమీ లేవు. పత్రికల వాళ్ళ కార్లు వచ్చి ఆగాయి. డ్రైవరు స్తంభానికి ఆనుకుని, రెండు బుగ్గలూ ఉబ్బించుకుని, మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నాడు. నర్సులు మళ్ళీ బండి చుట్టూ మూగి, ఎవరో డాక్టరు వంశాన్నంతా తిట్టిపోశారు.

జనం పలచబడ్డాక ఆ అమ్మాయి వచ్చింది. రాదేమో అనుకుంది రొట్టెలక్క. వచ్చి, ముందు అద్దం వైపు చూసింది. బూడిదరంగు తెరని చాలాసేపు చూసి, అప్పుడు బండి దగ్గరకి జరిగి, ఒకటి అని వేలు చూపించింది.

తెర వెనక ఈపాటికి ఏదో బల్ల దగ్గర ఆ పిల్ల తన కథ చివరికొచ్చి ఉంటుంది. ఇప్పుడావిడ లేదు అంటూ ఉంటుంది. ఎవరివో కళ్ళు తడవుతూ ఉంటాయి. అననీ, అనుకుంది రొట్టెలక్క. ఎడమచేత్తో గుడ్డు కొట్టింది. రొట్టె పరిచి, తిరగేసి, ఉల్లిపాయలు చల్లి, మడిచి అందించి, చూపు పెనం మీదకి దించుకుంది.

పక్కన నమలడం వినిపించింది. మధ్యలో ముక్కు ఎగబీల్చడం. మళ్ళీ నమలడం. కాగితం నలిగిన చప్పుడు. ఆకలి ఇంకా తీరలేదని ఆ చప్పుడులోనే తెలుస్తోంది.

"ఇంకోటి వెయ్యనా తల్లీ?" అని అడిగింది, తలెత్తకుండానే.